రెండు బైసలు

వాదీ కబీర్‌ల గ్యారేజీల వెనక పాత ఇల్లు.
మూడు రూములు, పది మందిమి, ఒక్క నీళ్ళ మీటరు.
పదో తరగతి పాసైన పాపానికి
లెక్కల బుక్కు నా చేతిల పెట్టిండ్రు.

నెలకు పద్నాలుగు, మా అంటే పదిహేను రియాళ్ళు.
జూన్ బిల్లు తొంభై ఆరు రియాళ్ళ నాలుగు వందల యాభై బైసలు.
అద్దాలు తుడ్సుకొని మళ్ళ చూసిన.
వాజిద్ భాయ్ అన్నడు, “సముద్రం తాగినమా ఏంది?”
నిజానికి తాగేది సముద్రమే.
ఉప్పు తీసి, పైపులల్ల పోసి
లెక్కగట్టి అమ్ముతరు.

ఆ రాత్రి పంచాయితి.
కుక్కర్ల పప్పు చల్లారింది, ఎవలూ ఏసుకోలే.
గడ్డం గీసుకుంట నల్లా ఇడిసిపెట్టేది ఎవలు,
శుక్రవారం శుక్రవారం దుప్పట్లు పిండేది ఎవలు,
పక్క రూం దోస్తును పిలిచి తానం చేయించింది ఎవలు?
తిరిగి తిరిగి చూపులన్నీ
ముత్తెన్న మీద ఆగినయ్.

ముత్తెన్న మత్రాల చేపలు దించుతడు.
రోజుకు రెండు తానాలు, ఒక్కోసారి మూడు.
తలుపు అవతల నీళ్ళ చప్పుడు అందరం విన్నదే.
“నీకు రెండు వాటాలు” అన్నడు రాజేశం.
ముత్తెన్న ఏమనలే.
అలవాటు కొద్ది చేతులు వాసన చూసుకున్నడు.

పదకొండు వాటాలు చేసిన.
తలా ఎనిమిది రియాళ్ళ ఏడు వందల అరవై ఎనిమిది.
ముత్తెన్నకు పదిహేడు రియాళ్ళ ఐదు వందల ముప్పై ఆరు.
ఇంక రెండు బైసలు మిగిలినయ్.
రెండు బైసల బిళ్ళ ఏ దుకాణంల నడవది.
దానికీ అరగంట కొట్లాడినం.

ముత్తెన్న పైసలు కట్టి, వారం తిరగకముందే
సంచి భుజాన ఏసుకొని బర్కాకు పోయిండు.
మేము బకిటెకు మార్కరుతోని గీత గీసినం,
మనిషికి గింతే అని.

జూలై బిల్లు నూట మూడు.

ఎవలూ ఎవల మొకం చూసుకోలే.
తెల్లారి నాలుగిటికి ఒక్కన్నే బయటికొచ్చిన.
మీటరు ముంగట ఖాళీ గ్యాసు బండలు, పాత ఏసీ డబ్బా.
అన్ని జరిపి, సెల్లు లైటు ఏసి
అద్దం మీది దుమ్ము బొటనవేలితోని తుడిసిన.
ఇంట్ల నల్లాలన్ని బందు. ఎనిమిది మంది గురక.
ఎర్ర ముల్లు తిరుగుతనే ఉన్నది,
తొందరేం లేదన్నట్టు,
ఎవలిదో తానం ఇంక కానట్టు.

గోడ పొంటి కాగితప్పూల చెట్టు.
నలభై ఆరు డిగ్రీల ఎండల
ఎవలూ చెంబెడు నీళ్ళు పొయ్యని చెట్టు
విరగబూసి ఉన్నది.
దాని ముంగట నిలబడే కద
రెండు నెలల సంది ఫోటోలు దిగి ఇంటికి పంపింది.
ఒక్కనికన్న అనుమానం రాలే.

ఓనరు బండలు తవ్విస్తే
లోపల పైపు మోచేతి కాడ పగిలి ఉన్నది.
ఆఫీసుల సల్మా మేడం
మూడుసార్లు కాయితాలు తిప్పి పంపింది,
నాలుగోసారి నూట పద్దెనిమిది తగ్గిస్తమన్నది.
చేతికియ్యరు, వచ్చే బిల్లులల్ల కోస్తరు.
అంటే ఉన్నోళ్ళకే. పోయినోనికి లేదు.

బర్కాకు ఫోన్ చేసిన.
“పోనీ తియ్యే అన్నా” అన్నడు.
జరసేపు ఊకున్నడు. వెనక ఏదో లారీ హారన్.
“వాసనొస్తున్నవ్, తానం చేసి లోపలికి రా అని
మీరే కదనే అన్నది?”

ఆ మాట అన్నది నేనే.

ఇప్పుడు చెట్టు ఎండుతున్నది.
రాజేశం పొద్దుగాల చాటుగ వొయి
గీత దాక నింపిన తన బకిటెల సగం దానికి పోస్తున్నడు.
చూసి చూడనట్టు ఉంటున్నం.

బుక్కుల ముత్తెన్న పేరు కొట్టెయ్యలే.
ఎంత బాకీ ఉన్నమో ఎట్ల ఏసినా తెగుతలేదు,
ఆ గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.
రెండు బైసలు మాత్రం
నా పేరు కింద రాసుకున్న.