పలక మీద నాలుగు ముక్కలు

గుంటూరు సంగడిగుంటలో నా షాపు.
మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు,
ఇప్పుడు నాలుగు టీవీలు, ఏడు రిమోట్లు.
ఒకటి ఎడమకు తిరగదు. దాన్ని బేరమాడేవాళ్లకిస్తాను.
గంటకు నలభై.

గుమ్మం పక్కన మా అమ్మాయి బడి పలక వేలాడుతుంటుంది.
కొత్త గేమ్ దిగిన రాత్రి షట్టరు సగం దించి
ముందు నేనాడి,
పొద్దున సుద్దముక్కతో నాలుగు ముక్కలు రాస్తాను:
ఎగరడం బాగుంది. కొట్లాట సుమారు.
విలన్ నోరు తెరిస్తే టీ తాగి రావచ్చు.
ఐదుకి మూడున్నర.
ఆ మాట మీద కుర్రాళ్లు జేబులో చెయ్యి పెడతారు.
తప్పు రాస్తే మొహం మీదే అడుగుతారు.

ఈ వారం వచ్చింది రాతిరెక్కలవాడి కథ.
కథంటే కథే, ఇరవై గంటల కథ.
మావాళ్లు కథ వినరు.
బొమ్మలు మాటలు మొదలెట్టగానే గుండ్రటి బటన్ నొక్కేస్తారు.
నిమిషానికి అరవై ఆరు పైసలు పోసి
హీరో చిన్నతనం ఎవడు కొనుక్కుంటాడు?

సైదా నొక్కడు.
మిర్చి యార్డులో టిక్కీలు కుట్టి, చీకటిపడ్డాక వస్తాడు.
కుళాయి దగ్గర సబ్బుతో మూడుసార్లు కడిగించినా
బటన్ల సందుల్లో ఘాటు మిగిలిపోతుంది.
తర్వాత ఆడినవాడు కన్ను నులుముకున్నాడా,
ఇక వాడి హీరో మేడలకు గుద్దుకోవడమే.

"ఏమంటందన్నా వాళ్లమ్మ?"
నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంతని?
సినిమా సీడీల అట్టల మీద నేర్చుకున్నది.
"రెక్కలు దాచుకోరా అయ్యా, లోకం ఈకలు పీకుద్ది, అంటంది."
వాడు తెర మీంచి కన్ను తిప్పకుండా,
"రాతి రెక్కలకు ఈకలేందన్నా?"
అప్పట్నుంచి ఉన్నదున్నట్టే చెబుతున్నా.

నాలుగోరోజు వంతెన వచ్చింది.
ఒక కొసన బస్సు జారుతోంది.
రెండో కొసన తమ్ముడు, ఒంటిచేత్తో వేలాడుతూ.
పది సెకన్లు.
నేను మొన్న రాత్రి బస్సును ఎత్తాను.
మళ్లీ వెనక్కెళ్లి తమ్ముణ్ణి ఎత్తాను.
రెండూ చూసేశాను కదా,
పలక మీద రాశాను: దారులు రెండు. రెండూ బాగున్నాయి.

సైదా రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు.
"బస్సులో ఎంతమందన్నా?"
ఏడు. ఆరు.
"పిల్లలున్నారా?"
మూడు.
"నొక్కరా!" వెనక బెంచీ అరిచింది.
సున్నా.

ఆట అయిపోలేదు.
నేనెరగని దారి ఒకటి తెరుచుకుంది.
రెక్కలు వీపుకు ముడిచి వాడు నడుస్తున్నాడు.
ఎగిరే బటన్ పనిచెయ్యదు. కొట్టే బటనూ అంతే.
పనిచేసేది ఒకటే, తలుపు తట్టేది.
బస్సులో ఎంతమందో ఇప్పుడు తెలిసింది:
పదకొండు ఇళ్లు,
చివరిది వాళ్లమ్మది.
ఒక్కో గుమ్మం ముందూ నిలబడి చెప్పాలి.

ఏమంటన్నారన్నా అని సైదా అడగలేదు.
ఆరో ఇంటి తలుపు ఎంతకీ తీయరు.
దాటి వెళ్లొచ్చు, బాణం గుర్తు పక్కింటినే చూపిస్తోంది.
వాడు వెళ్లలేదు. తట్టి ఆగాడు. మళ్లీ తట్టాడు.
వెనక బెంచీలో ఒకడు నవ్వబోయి
పల్లీల పొట్లం మడిచి పక్కన పెట్టాడు.
గంట దాటింది.
రెండో గంట ఖాతాలో రాశాను, నా వ్యాపారం నాది.
అప్పుడు వెలిగింది లోపల దీపం.

పొద్దున తడిగుడ్డతో పలక తుడిచాను.
మూడున్నర పోయింది గానీ దాని నీడ పోలేదు.
ఏది చూడాలో ఏది దండగో
పాతికేళ్లుగా ఈ వీధికి చెబుతున్నవాణ్ణి,
సుద్ద పట్టుకుని
పాలవాడు వచ్చి వెళ్లేదాకా నిలబడ్డాను.
ఆఖరికి రాశాను:
ఈ గేమ్ నేను సరిగా ఆడలేదు. సైదాని అడగండి.

కాలేజీ కుర్రాళ్లిద్దరు చదివి తలగోక్కున్నారు.
"సైదా ఎవరు మస్తానన్నా? ఎక్కడుంటాడు?"
"యార్డులో. ఏడింటికొస్తాడు.
చేతులు కడుక్కోనిచ్చి అడగండి."