ఇంకో అరగంట

ఒంగోలు నుంచి మంచుబండలా వచ్చింది
ఆరు కిలోల సీమకోడి.
ఫ్రిజ్జు అడుగు అరలో, పళ్లెంలో, రెండు రోజులు.
"బయట పెడితే పూటలో కరగదా?" అన్నాడు జకరయ్య బావ.
దెబోరా పిన్ని అతని వైపు చూసింది, అంతే.

కావలి ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ల నర్సు ఆమె.
విందుల మర్నాడు
వరండాలో చాపలేసి సెలైన్లు కట్టిన రాత్రుల గురించి
ఎప్పుడూ చెప్పదు.
కత్తులు మాత్రం రెండు పెడుతుంది:
ఉల్లిపాయలకొకటి, కోడికొకటి.
కొళాయి కింద కడగనివ్వదు.
"చిందిందా, సింకంతా అదే, నీ పండగ చీరంతా అదే."
సబ్బుతో చేతులు. మళ్లీ సబ్బుతో చేతులు.

పెరట్లో కట్టెల పొయ్యి, పెద్ద డేగిసా, మూత మీద నిప్పులు.
చర్చి నుంచి వచ్చేసరికి వాసన వీధి మలుపు దాకా.
రెండింటికే తోలు బంగారమైంది.
"దించెయ్ పిన్నీ, పిలకాయలు ఆకలితో పడిపోతుండారు."
స్వెటరు అల్లే సూది నీళ్లలో కాచి
తొడ కీలు దగ్గర లోతుగా గుచ్చింది.
గులాబిరంగు నీళ్లు.
"తోలు అబద్ధమాడద్ది. ఎముక ఆడదు.
ఇంకో అరగంట."

తిట్టుకున్నాం. గులాబీపువ్వుల డబ్బా ఖాళీ చేశాం.
మళ్లీ సూది.
తేట నీళ్లు.
పొద్దుట్నుంచి అప్పుడు కూర్చుంది పిన్ని.

నిజం చెప్పాలంటే
కొంచెం పీచుపీచుగానే ఉంది.

మర్నాడు ఎనిమిదింటికి ఫోను.
"అందరూ బానే ఉండారా?"
"బానే ఉన్నాం."
"కడుపులో?"
నవ్వాను. ఆమె నవ్వలేదు.
పదకొండు పేర్లూ ఒక్కొక్కటే అడిగింది,
చిన్నోడి పేరు రెండుసార్లు.