లావు అక్షరాలు

హడర్స్‌ఫీల్డ్ బజారులో శనివారం.
వాన పైకప్పు రేకుల మీద శనగలు వేయిస్తోంది.
మిఠాయి కొట్టు ముందు ఇందీవర,
ఏడేళ్ళది, మునివేళ్ళ మీద నిలబడి
సీసాలకేసి చూడదు,
సీసాల వెనక అంటించిన చీటీలకేసి చూస్తుంది.

తోటిపిల్లలు పిల్లీ కుక్కా అంటూ చదువు మొదలెట్టారు.
ఇది మొదట కూడబలుక్కున్న మాట బార్లీ.
రెండోది గోధుమ.
లావు అక్షరాలు కనబడితే చాలు,
ప్యాకెట్టు మళ్ళీ అరలోకి.
ఏడుపు లేదు. అదే నా ఏడుపు.

నల్లటి లికోరైస్ తాళ్ళు, పిండి.
చాక్లెట్ గుండ్లా? కరకరలాడేదల్లా అనుమానమే.
జెల్లీ పాములు మంచివేనట,
కానీ ఆ గరిటె ఇందాకే పక్క సీసాలో మునిగొచ్చింది.
ఆవగింజలో అరవయ్యో వంతు చాలు,
మూడు రాత్రులు దాని పొట్ట మీద నా అరచెయ్యి.

కొట్టు మోరీన్‌కి డెబ్బై ఉంటాయి.
ఏమీ అడగలేదు. చేతులు కడుక్కుని
బల్లకింద నుంచి సీలు విప్పని డబ్బా తీసింది.
"నువ్వే చదువు" అని తన కళ్ళజోడు కూడా ఇచ్చింది.
అది పెట్టుకుంటే అంతా మసక.
తీసేసి చదివింది, చివరి చుక్కదాకా.
పియర్ డ్రాప్స్. చక్కెర, పులుపు, రంగు.
ఇంకేం లేదు.

బస్సులో బుగ్గ ఉబ్బించుకుని కూర్చుంది.
నాకొకటివ్వవే అంటూ సంచిలోకి చెయ్యి చాపాను.
సంచి గుండెలకదుముకుంది.
"అమ్మా, పొద్దున నాన్నకి చపాతీలు చేసింది నువ్వేగా?"

గోళ్ళు చూసుకున్నాను.
ఉంగరపు వేలికి, ఓ మూల, తెల్లగా.

"నోరు తెరు," అంది,
దూరం నుంచే ఒకటి వేస్తూ.