హవాయి, మొదటి అంతస్తు

పొద్దున సికింద్రాబాద్‌లో దిగాను.
రేపు రాత్రికి మళ్ళీ గౌతమి.
ఈలోగా చేసేదల్లా
హిమాయత్‌నగర్ సందుల్లో తలెత్తుకుని నడవడం.

ఓడ కిటికీలా గుండ్రటి వెంటిలేటరు.
సందు మలుపుతోపాటే మెత్తగా వంగిన బాల్కనీ.
సిమెంటు జాలీలోంచి
మొజాయిక్ గచ్చు మీద ఎండ చిల్లర పోసింది.
గేటుకి ఇనప అంకెలు: 1958.
పక్కింటికి అప్పుడే పచ్చగుడ్డ చుట్టేశారు, కూల్చడానికి.
వాచ్‌మన్ నన్ను బ్రోకరనుకున్నాడు,
రేటు కూడా చెప్పాడు.

సాయంత్రం నారాయణగూడలో
ఇరుకు మెట్లెక్కితే హవాయి బార్.
వెదురు తడికెలు, ప్లాస్టిక్ కొబ్బరాకులు,
పళ్ళికిలించిన కొయ్యదేవుడు.
ముక్కు ఊడితే ఎంసీల్‌తో అతికించారు.

నలభై ఏళ్ళుగా పూలచొక్కాలోనే ఉన్న మల్లేశం
అనాసముక్క గుచ్చిన గ్లాసు పెట్టి
"ఏ ఊరు సార్?" అన్నాడు.
కాకినాడ.
తుడుస్తున్న గుడ్డ ఆగింది.
"సముద్రం నిజంగ గంత నీలముంటదా?"
గోడమీద బొమ్మకేసి చూపించాడు.

మా సముద్రం మట్టిరంగు.
డీజిలు, ఎండుచేపలు, హార్బరు మసి.
చెప్పబోతూ
కొయ్యదేవుడి ముక్కు వైపు చూశాను.

"తెల్లారగట్ల ఉంటుంది," అన్నాను,
"పడవలు కదలకముందు, కాసేపే."

బిల్లులో
పల్లీలు రాయలేదతను.