మూడడుగుల నేల

నా చేతిలో ఒక నారింజరంగు కర్ర,
దాని నెత్తిన అంకెలు తిప్పే రేకు.
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
పంతొమ్మిదేళ్లుగా శుక్రవారం రాత్రుళ్లు
ఇంతకు మించిన లెక్క నాకు అక్కర్లేకపోయింది.

మొన్న రేకు నాలుగు మీద ఉంది.
గోల్ గీతకీ బంతికీ మధ్య ఒక్క గజం,
గడియారంలో పదకొండు సెకన్లు.
ఇనుపరాయి తవ్వే మా ఊరు
పగటి షిఫ్టూ రాత్రి షిఫ్టూ ఒక్కటై
గడ్డకట్టిన అల్యూమినియం బెంచీల మీద లేచి నిలబడింది.
గజమంటే మూడడుగులు.
అడిగితే దానమిచ్చే రాజులెవరూ
అవతలి జట్టులో లేరు.

అంతదూరం ఆటని మోసుకొచ్చింది కేడ్ లహ్తి,
కొంగలా మెడ సాచి, చూసి, విసిరే కుర్రాడు.
వాణ్ణి బయటికి పిలిచి
కోచ్ జుపాన్ లోపలికి పంపింది మైలో పెర్కోని.
పదో క్లాసు. బస్తా లాంటి ఒళ్లు,
ఇంకా పాలబుగ్గలు.

తర్వాతది అందరూ చూశారు.
మైలో బంతి అందుకున్నాడు, తల వంచి గోడలోకి దూరాడు.
గోడ కదల్లేదు. కోలబంతి మాత్రం
తడిచేతిలో సబ్బులా జారి
అవతలివాడి కడుపు కింద తేలింది.

శనివారం పొద్దున లెంపీ హోటల్లో
కాఫీ కంటే ముందే తీర్పు పొంగింది.
మాంసంకొట్టు ఓర్విల్ నీమి
ఉప్పుసీసాని కేడ్ చేశాడు,
మిరియాల సీసాని మైలో చేశాడు,
కెచప్ సీసాని అడ్డంగా పడుకోబెట్టి ఇదే గీత అన్నాడు.
"గుమ్మందాకా తెచ్చినవాణ్ణి
గుమ్మం బయట నిలబెడతాడా బుద్ధున్నవాడు?"

"ఎడమ మూల ఖాళీ" అంది స్కూలుబస్సు డోరిస్,
"పైవరసలోంచి నాకే కనబడింది,
అదీ కళ్లద్దాలు లేకుండా."
గనిలో పారయంత్రం నడిపి రిటైరైన టాయ్వో
చెంచాతో బల్ల మీద కొట్టాడు:
"రాతిని బరువుతో కొట్టకూడదు. పగులు చూసి కొట్టాలి."
జామెట్రీ చెప్పేవాడికి గజం పొడవు తెలీదా అని
ఎవరో అంటే అందరూ నవ్వారు.

పార్సిల్ కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డది
మైలో వాళ్లమ్మ అని
నవ్వు అయిపోయాక తెలిసింది.
ఓర్విల్ మిరియాల సీసాని
చప్పుడు కాకుండా ట్రేలో పెట్టేశాడు.
ఆమె చిల్లర తీసుకోకుండానే వెళ్లిపోయింది.

నేను గీత పక్కనే ఉన్నాను.
కర్ర పట్టుకున్నవాడు కర్రలాగే కనబడతాడు,
అందుకే నా ముందు ఎవరూ గొంతు తగ్గించరు.
టైమవుట్‌లో కేడ్
కుడిచెయ్యి చంకలో దాచుకుని వచ్చాడు.
కోచ్ ఆ చెయ్యి లాగి దీపాల వైపు తిప్పాడు.
బొటనవేలు వంకాయరంగు.
కుర్రాడు ఏదో అన్నాడు, సగం గాలి ఎత్తుకుపోయింది,
"నాన్నకి" అన్న ముక్క ఒక్కటే నాకు దక్కింది.
కోచ్ వాడి హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి
మైలో వైపు తిరిగాడు.

ఆ నాన్న ఇప్పుడు నా ఎదురుకుర్చీలో ఉన్నాడు.
రెండో కప్పు చల్లారిపోతోంది.
"మావాడి చేతిలో ఉండుంటేనా" అంటున్నాడు,
"రాత్రి నుంచీ వాడు జేబులోంచి చెయ్యి తియ్యట్లేదు.
అంత అవమానం చేశాడు ఆ మనిషి."

అప్పుడు ఓర్విల్ నావైపు తిరిగాడు.
"నువ్వు పక్కనే ఉన్నావుగా, నువ్వు చెప్పు."

బల్ల మొత్తం నా నోటికేసి చూసింది.
ఒక్క గజం దూరం.

"కేడ్‌కే ఇవ్వాల్సింది" అన్నాను.

నా కాఫీ డబ్బులు ఓర్విలే ఇచ్చాడు.
బయట మంచు మొదలైంది.
ట్రక్కు వెనక కర్ర వెల్లకిలా పడి ఉంది,
రేకు ఇంకా నాలుగు మీదే.
తిప్పడం మర్చిపోయినట్టున్నాను.