ఊడేది, ఊడనిది

యూరియాకు ఇనుమంటే మస్తు ఇష్టం.
మిర్యాలగూడ గూడ్సు గోదాము నుంచి దామరచర్ల దాక
ఆరేండ్లు బస్తాలు మోసీ మోసీ
నా ట్రాలీ అడుగు
చెదలు తిన్న తలుపు లెక్కయింది.
వేలు పెడితే పెళ్లలు పెళ్లలుగ రాలుతది.
మా నీళ్లు మనుషుల పండ్లనే వదలలే,
రేకునెట్ల వదుల్తయి?

పెయింటరు కనకాచారి చుట్టూ తిరిగి చూసి
తొమ్మిది వేలన్నడు.
తొమ్మిది వేలుంటే టైర్లు మార్చుకోనా?
"నువ్వే పూసుకో మరి" అన్నడు,
కోపంగ కాదు, సలహాగ కూడా కాదు.

సాగర్ రోడ్డు మీద జానిమియా దుకాణం.
రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టిండు.
రెండూ నలుపే, రెండూ రబ్బరే,
రెండింటి మీదా బురదల ఎగిరే అదే జీపు బొమ్మ.
"ఇది పూస్తే ఇనుముతోని ఇనుమైతది,
సచ్చినా ఊడది.
ఇది కొడితే తోలు లెక్క పడతది.
మనసు మారిందా, అంచు పట్టి గుంజు,
పాము కుబుసం విడిచినట్టు వస్తది."
ధర అడిగిన. ఊడనిదే పిరం.

వారం దాక తేల్చలే.
సద్దిగిన్నె మూత మీద సగం అది, సగం ఇది పూసి
సీటు వెనుక పెట్టుకొని తిరిగిన.
ఎండకు పెట్టిన, డీజిలు చుక్కేసిన,
యూరియా నీళ్లు పోసిన, తాళంచెవితోని గీరిన.
ఊడనిది గీతను మింగేసింది.
ఊడేది గీత కాడ
ఏదో చెప్పబోయినట్టు పెదవి తెరిచింది.
మూత పాడుజేసినవని సుగుణ రెండు రోజులు తిట్టింది.

నిజానికి అడుగుకు ఏది పూయాల్నో
మొదటి రోజే తెలుసు.
చిక్కంత వెనుక డాలా కాడ.
అక్కడ పసుపు రంగుల, నీలం నీడ తోని
లింగస్వామి – ఉప్పలయ్య అని రాసున్నది.
సగం పైసలు వానివి, సగం నావి.
కిస్తీలు ఇద్దరం కట్టినం,
ఒక్క చాయ రెండు సాసర్లల తాగినం.
ఒక క్లచ్‌ప్లేటు లెక్క కాడ,
నాలుగు వేల మూడు వందల కాడ, మాట జారింది.
ఎవరిదో ఇప్పుడు చెప్పను.
వాటా తీసుకొని పోయిండు, చౌటుప్పల్ల నీళ్ల ట్యాంకరు తోల్తున్నడు.
మూడేండ్లాయె.
నార్కట్‌పల్లి కాడ ఎదురైతే
ఇద్దరం అద్దాలు ఎక్కిస్తం,
ఎండ నలభై మూడున్నా సరే.

ఆదివారం తెల్లారకముందే లేచిన.
పొద్దెక్కితే రబ్బరు కుంచె మీదనే గట్టిపడతది.
ఎనభై నంబరు కాగితంతోని తుప్పు గీకిన,
తిన్నరు బట్టతోని తుడిచిన,
వాసన పోయేదాక బీడీ ముట్టియ్యలే.
అడుగంతా ఊడనిది, రెండు పూతలు,
నడుమ నాలుగు గంటలు
కోళ్లు ఎక్కకుండ కాపలా.

డాలాకు ఊడేది కొట్టిన.
లిం మునిగింది, గ మునిగింది, స్వా మునిగింది,
వెనుకనే నా పేరు కూడ.
కింద మూలకు, గోటికి దొరికేంత
అంచు వదిలిన.
జానిమియా చూస్తే పనోడివి కాదంటడు,
తడి అక్కడి నుంచే ఎక్కుతదంటడు.

సోమవారం ఇరవై బస్తాలు.
పడేటప్పుడు చప్పుడు మారింది,
దున్నిన మడిల పడ్డట్టు మెత్తగ.
డాలా మూస్తుంటే చెయ్యి తగిలింది.
ఆ రోజుల్ల కనకాచారి రంగు మందంగ వేసిండు;
నలుపు కింద అక్షరాలు ఉబ్బి ఉన్నయి.
కండ్లకు కానరావు,
వేళ్లకు చదువొచ్చు.

సగం డబ్బా మిగిలింది, ఊడనిదే.
మూత గట్టిగ కొట్టి సీటు కింద పెట్టిన.
వాని ట్యాంకరు అడుగు కారుతున్నదని
మొన్న ఎవరో అంటుంటే విన్న.