పత్తి చెయ్యి

దినానికి అరవై బోరేలు మోసే వీపు
ఒక పొద్దు వంగింది వంగినట్లే ఆగిపాయ.
ఆదోని మార్కెట్ యార్డులో, కాటా పక్కన,
మొద్దుబారిన కొడవలి మాదిరి నిలబడితి.
"ఉరుకుందప్పా, లేయప్పా" అని మేస్త్రి నవ్వె.
లారీ క్లీనరు నవ్వె.
నేనూ నవ్వితి, లేయలేక.

ఆర్‌ఎంపీ రెండు సూదులేసె.
కర్నూలు పెద్దాసుపత్రిలో ఫోటో తీసి
వెలుతురుకు పట్టి చూసి "రెస్టు తీసుకో" అనిరి.
రెస్టు ఏ అంగట్లో దొరుకుతాదో
చీటీలో రాయలే.

మా ఇంటామె పోరు పడలేక
కొండ కింది సందులో
దూదేకుల పక్కీరమ్మ దగ్గరికి పోతి.
గోడకు వాళ్ల నాయిన దూదేకిన విల్లు.
నరం వదులై, దాని మీద
మనవరాలి యూనిఫారం ఆరేసుండె.

"పండుకో" అనె.
యాడ నొప్పి అని అడగలే.
నేనే చెప్తి: నడుం, ఎడమ బుజం, మెడ కింద ఇంత మేర.
"నువ్వు చెప్పాకు. అదే చెప్తాది."

పీకుతాదనుకుంటి. తొక్కుతాదనుకుంటి.
పండ్లు బిగబట్టుకొని ఉంటి.
ఆమె నా మడమ కింద చెయ్యి పెట్టె.
అంతే.
నొక్కలే. తీయలే.
సందులో పాలాయప్ప వచ్చి పాయ,
మసీదులో అసర్ పిలుపు అయిపాయ,
చెయ్యి ఆడనే ఉండె,
పొదుగు మీద కూచున్న కోడి మాదిరి.

"నడుం నొప్పికి మడమ పట్టుకుంటే ఏమొస్తాదమ్మా?" అంటి.
"పాత పరుపు చూసినావా?
పండుకొని పండుకొని గడ్డ కడతాది.
గడ్డ ఒకచోట, గుచ్చుకునేది ఇంకోచోట.
మా నాయిన గడ్డనెప్పుడూ కొట్టలే.
అంచున యాడో నరం మీటేటోడు
టంయ్... టంయ్...
దూది తనంతట తానే విచ్చుకునేది.
కొడితే దుమ్ము లేస్తాదప్పా, దూది లేయదు."

మిషన్లొచ్చి విల్లు గోడెక్కినాక
ఆ చేతులకు ఏకేదానికి
మనుషులే మిగిలినారంట.

మడమ నుంచి మోకాలి ఎనక,
ఆడ నుంచి పక్కటెముకల కింద,
చివరికి తల కింద రెండు చేతులూ జోలె పట్టె.
నా తలకాయ ఇంత బరువుంటాదని నాకు తెలీదు.
దాన్నెవరూ కాటా మీద పెట్టలేదు గదా.

ఇరవై రెండేండ్లుగా
నా మీద పడిన ప్రతిదానికీ కిలోల లెక్క ఉండె,
మోసినందుకు రూపాయల లెక్క ఉండె.
ఏ లెక్కా లేకుండా పడింది
ఈ చెయ్యొకటే.

అప్పుడు లోపల ఏందో కదిలె.
ఏడుపనుకుంటిరేమో. కాదు.
నిద్ర. గుర్రుపెట్టి పోతినంట.
బోరేల మీద కునుకులు తీసిందే గాని
పక్కన ఒక మనిషి మేలుకొని ఉండంగ
నిద్రపోయింది చిన్నప్పుడెప్పుడో.

లేచేసరికి లైట్లు ఏసినారు.
నడుం సగం తిరిగింది.
సగమే. అబద్ధమెందుకు.
జోబులో నుంచి నూరు తీస్తి.
ఆమె నోటు దిక్కు చూడలే.
నా చొక్కా బుజాల మీద, కాలరు మడతలో,
చెవి ఎనక ఎంట్రుకల్లో
అంటుకున్న పత్తిపోగులు ఒక్కొక్కటే ఏరి
గోడవార గుడ్డసంచిలో ఏసుకొనె.
"ఇదే కూలి. వచ్చే గురువారం రా.
యార్డు నుంచి సీదా రా, స్నానం చేసి రావాకు."

అట్ల ఏడు గురువారాలు.
ఏడో వారం నా తల కింద కొత్త దిండు పెట్టె.
మెత్తగ, వంకరటింకరగ,
రెండు చోట్ల దారం రంగు మారి.
"ఎవరిదిది?" అంటి.
"మీదే. నీది, కాటా బీరప్పది,
జిన్నింగు మిల్లు లచ్చుమక్కది,
పోయిన ఏడు పోయిన మాబుసాబుది కూడా కొంచెం."

ఇప్పుడు బోరెం ఎత్తేముందు
ఒక్క గడియ ఆగుతా.
మేస్త్రి అరుస్తాడు. అరవనీ.
కుడిచెయ్యి తెచ్చి ఎడమ బుజం మీద పెడతా.
నొక్కను, పిసకను,
ఉత్తగ పెడతా.

"పోయిందా మామా, నొప్పి?" అంటాడు బీరప్ప.

"ఏకుతాండాంలే" అంటా.